సందేహాలు – సమాధానాలు: మనసులోదంతా చెప్పాలా?

ప్రశ్న: మాది దిగువ అహోబిలం దగ్గర పల్లె. ఇంట్లో కూర్చునే కామిక్స్ పుస్తకాలకు కంప్యూటర్లో రంగులు వేస్తాను. నల్లగీతల బొమ్మలు హైదరాబాదు నుంచి మెయిల్లో వస్తాయి, రంగులద్ది తిరిగి పంపుతాను. చెయ్యి పనిలో ఉన్నంతసేపూ మనసు ఎక్కడెక్కడో తిరుగుతుంది. పెళ్లికి ముందు సంగతులు, అత్తమ్మ మీద కోపం, ఎటైనా వెళ్లిపోవాలన్న కోరిక. మా ఆయన "ఏం ఆలోచిస్తున్నావు?" అంటారు. "ఏం లేదు" అంటాను. ఆలుమగల మధ్య దాపరికం ఉండకూడదని ఆయన మాట. స్టూడియోవాళ్లు ఉగాది దాటాక హైదరాబాదు వచ్చి చేరమన్నారు. సరేనన్నాను, ఆ సంగతీ ఇంకా చెప్పలేదు. ఇదంతా పాపమేనా? ఇంకొక సందేహం. ఇప్పుడు చేస్తున్నది ప్రహ్లాద చరిత్ర. ఒక బొమ్మలో ఉగ్రనరసింహుడి పక్కనే లక్ష్మీదేవి చేతులు జోడించి నిలబడి ఉంది. స్వామికి నాకు తోచిన రంగు వేస్తే దోషమా?

— ఒక సోదరి, ఆళ్లగడ్డ మండలం

సమాధానం: అమ్మా, మీ రెండో ప్రశ్నలో ఉన్న బొమ్మే మొదటి ప్రశ్నకు జవాబు చెబుతోంది.

భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి కోపం చల్లారలేదు. దేవతలు దగ్గరికి పోలేక లక్ష్మీదేవిని పంపారు. ఆవిడ వెళ్లలేకపోయింది. అటువంటి రూపం ఆవిడ అంతకుముందు చూడలేదు, వినలేదు. చూడండి, వక్షస్థలంలోనే కాపురముండే ఇల్లాలికి కూడా తెలియని రూపం ఒకటి ఆయనలో ఉంది! "ఇన్నాళ్లూ నా దగ్గర ఇది ఎందుకు దాచావు?" అని ఆవిడ నిలదీయలేదు. దూరంగా ఆగింది. చివరికి దగ్గరికి పోయింది పసివాడు ప్రహ్లాదుడు. మీ అహోబిలం కొండమీదే మాలోల నరసింహుడి గుడిలో ఆ తల్లి స్వామి తొడమీద కూర్చుని ఉంది. మీరెన్నోసార్లు దర్శించే ఉంటారు.

పెళ్లిలో వరుడు "నాతిచరామి" అని మాట ఇచ్చేది ధర్మార్థకామాలలో భార్యను మీరనని. లోపల మెదిలే ప్రతి తలపునూ అప్పజెప్పాలన్న షరతు అందులో లేదు, ఆయనకూ లేదు, మీకూ లేదు. ఇక పాపం మాట. పరీక్షిత్తు కలిని చంపకుండా ఎందుకు వదిలాడో భాగవతమే చెప్పింది. ఈ యుగంలో మంచి తలిస్తేనే ఫలిస్తుంది, చెడు చేస్తేనే అంటుతుంది. తుమ్మెద తేనెను పట్టినట్టు ఆ రాజు కలియుగంలోని ఈ ఒక్క సారాన్ని పట్టుకున్నాడు. అత్తగారి మీద మనసులో వచ్చి పోయిన కోపానికి మీరు ప్రాయశ్చిత్తం వెతుక్కోనక్కరలేదు. "ఏం లేదు" అనడం మాత్రం మానండి, అది చిన్నదైనా అబద్ధమే. "ఏదో ఆలోచనలే, తర్వాత చెబుతా" అనండి. చెప్పకపోవడం వేరు, లేదనడం వేరు.

అయితే హైదరాబాదు సంగతి తలపు కాదమ్మా. మీరు సరేనన్నప్పుడే అది పని అయిపోయింది. దాన్ని ఆలోచనల మధ్యలో మెల్లగా దూర్చి నన్ను అడిగారు, నేను గమనించకపోలేదు. కుంతి పాండురాజుకు దూర్వాసుడిచ్చిన మంత్రం సంగతి చెప్పింది, కర్ణుడి సంగతి చెప్పలేదు. అది ఆమె ఒక్కదాని రహస్యం కాదు, ఇంకా ఆరుగురి బతుకులు అందులో ఉన్నాయి. మీ ఊరి కథే తీసుకోండి. స్వామి చెంచితను మనువాడిన సంగతి తెలిసి ఆదిలక్ష్మి అలిగిందని చెబుతారు. ఇప్పుడేమో కనుమనాడు పారువేట ఉత్సవం మొదలైతే నలభై రోజులకు పైగా ఆ చెంచుల బంధుత్వమే పల్లకీ ఎక్కి ఊరూరా తిరుగుతుంది. చేసిన పని దాగదు. ఒకరు ఇల్లు వదిలి ఊరు మారడం ఇద్దరి సంసారం. మీవారు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు, కానీ ఆయన దాన్ని మీ నోటినుంచే వినాలి. ఈ ఆదివారం దాటనివ్వకండి.

మీవారు ఈ పుట చదివితే ఆయనకూ ఒక మాట. నాయనా, "ఏం ఆలోచిస్తున్నావు" అని రోజూ అడిగేవాడికి ఎవరూ ఏమీ చెప్పరు.

రంగుల విషయం. దోషం లేదు. మన శ్రీకాళహస్తి కలంకారీలో రాముణ్ణి, కృష్ణుణ్ణి నీలంలో తీర్చడం ఆనవాయితీ. నరసింహుడికి ఈ రోజుల్లో అందరూ నారింజ రంగు పులుముతున్నారు, ఎక్కడినుంచి వచ్చిందో మరి. భాగవతంలో ఆయన కళ్లు కరిగిన బంగారం, ఒంటి రోమాలు వెన్నెల తెలుపు. జూలులో కనబడే ఎరుపు రక్తానిది, స్వామిది కాదు. మీరు ఈ మూడూ దగ్గర పెట్టుకుని మిగతాది మీ చేతికి వదిలేయండి. బొమ్మలోనే ఒక తప్పుంది. గీసినవారికి చెప్పి లక్ష్మీదేవిని నాలుగడుగులు వెనక్కి జరిపించండి.