అక్షయపాత్రకి మీటరు

ఖాళీ గదిలో ఫాను తిరుగుతూంటే లేచి వెళ్ళి ఆపెయ్యడం ధర్మమా, పిసినారితనమా? ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పాలంటే మాత్రం సూర్యమండలం దాకా వెళ్ళి రావాలి. పదండి మరి.

1955లో జెనీవాలో, అణుశక్తిని శాంతికి వాడుకోవడం ఎలాగన్న విషయం మీద ఐక్యరాజ్యసమితి ఒక పెద్ద సమావేశం జరిపింది. దానికి అధ్యక్షుడు మన హోమీ భాభా. సూర్యుడిలో మండే మంటని, అంటే ఉదజని పరమాణువుల్ని కలిపి పుట్టించే శక్తిని, అదుపులో పెట్టే ఉపాయం ఇరవై ఏళ్ళలో దొరుకుతుందని ఆయన జోస్యం చెప్పాడు. అప్పుడిక సముద్రాలే మనకి ఇంధనపు గాదెలట! 1975 వచ్చింది, వెళ్ళింది. 2022 డిసెంబరులో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు చిన్న గుళిక మీద 2.05 మెగాజౌల్స్ లేజరు శక్తి గుప్పించి, 3.15 రాబట్టారు. ఘనకార్యమే, కాదనను. అయితే ఆ లేజర్లు తాగిన కరెంటు సుమారు 300 మెగాజౌల్స్. పెళ్ళి ఖర్చు పక్కనబెట్టి చదివింపులు లెక్కపెట్టుకున్నట్టు!

పోనిద్దురూ, ఊహకి బిల్లు రాదు గదా. భాభా జోస్యం అక్షరాలా ఫలించిన ఇంకో లోకం ఉందనుకుందాం. అక్కడ 1975లోనే సముద్రపు ఒడ్డున విద్యుత్కేంద్రం లేచింది. లోపల అయస్కాంతాల బోనులో 15 కోట్ల డిగ్రీల మంట. సూర్యుడి నడిగర్భం కంటే పదిరెట్లు వేడి. బొగ్గు లేదు, పొగ లేదు. సముద్రపు నీటిలోని ఉదజని పరమాణువుల్లో ఇంచుమించు 6,500కి ఒకటి డ్యుటీరియం. మేతకి అదే చాలు. కరెంటు మరీ చవకైపోయేసరికి మీటర్లు పీకేశారు. ‘ఆ లైటార్పరా’ అన్న కేక ఆ లోకంలో వినబడదు. ఖాళీ గదిలో ఫాను దానిమానాన అది తిరుగుతోంది. ఇప్పుడు చెప్పండి, ఆపాలా?

అక్కర్లేదంటారు కొందరు. పొదుపు లేమికి పుట్టిన బిడ్డ. తల్లే పోయాక బిడ్డ దేనికని వాళ్ళ వాదం. ఇందులో సగం నిజముంది. గుడ్డిదీపం ముందు కళ్ళు పొడుచుకుని చదివే పిల్లని పట్టుకుని ‘ఎంత పొదుపరి!’ అని మెచ్చుకోవడం కంటే క్రూరత్వం లేదు. ఆ పిల్లకి కావలసింది మెప్పు కాదు, వెలుగు.

మిగతా సగం సంగతి చూడాలంటే ఆ లోకం దాకా పోనక్కర్లేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలూ వచ్చింది. రైతుకి ఊపిరాడింది, సంతోషమే. కాని కరెంటు రాగానే తనంతట తనే మోటారు తిప్పే ఆటో స్టార్టరు పెట్టుకున్నచోట, మడి నిండినా నీళ్ళు పారుతూనే ఉంటాయి. భూమిలో నీరు అడుగంటుతుంది, అవి తీసెయ్యండి బాబూ అని సర్కారే బతిమాలుకోవలసి వచ్చింది. చూశారా, తీగలో చెరిపేసిన హద్దు బోరుబావిలో తేలింది. అదీ ముందుగా ఎవరి బావిలో? లోతుకి తవ్వించుకోలేని పక్క పొలం వాడి బావిలో!

ఆ ఊహాలోకంలోనూ ఇంతే సుమండీ. చవగ్గా వచ్చేది శక్తి ఒక్కటే. దానితో తోడే నీరూ, పిండిచేసే కొండా, వలేసి ఊడ్చే చేపా చవగ్గా రావు.

ఈ సంగతి మన పురాణానికి ముందే తెలుసు కాబోలు. వనవాసంలో ధర్మరాజుకి అక్షయపాత్ర ఇచ్చినవాడు సాక్షాత్తూ సూర్యుడే. ఎంతమందికైనా పెడుతుంది గాని, ద్రౌపది తినేదాకానే. ఆవిడ తిని గిన్నె కడిగిందా, ఆ రోజుకి సరి. అంతటి దేవుడు ఇస్తూ ఇస్తూ ఈ మెలిక ఎందుకు పెట్టినట్టు? నాకు తోచేదేమిటంటే, ఆ షరతు గిన్నెకి కాదు, వడ్డించే మనిషికి. అందరూ తిన్నారా అని చూసుకుని ఆఖర్న కూర్చునే మనిషి ఉన్నన్నాళ్ళే అది అక్షయం. ముందే తినేసే వాళ్ళ చేతిలో పడితే అదీ ఉత్త రాగిగిన్నే.

అందుచేత ఆ లోకంలో నేనుంటే లేచి వెళ్ళి ఫాను ఆపేస్తాను. పిసినారి అని ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. మీటరు పీకేసిన పెద్దమనుషులు గోడకి స్విచ్చి మాత్రం ఉంచారు గదా. దేనికుంచినట్టు?