రెండు పెడళ్ల మధ్య లాకు

పాత ట్రాక్టరు ఉన్న ఇంటివారికి ఈ సంగతి కొత్త కాదు. ప్రతి సార్వాకు ముందు ఏదో ఒకటి అరిగి కూర్చుంటుంది. దమ్ము చేసేటప్పుడు బురదనీరు దూరి ముందు చక్రాల ఆయిలు సీళ్లు పోతాయి, వాటి వెనుకనే బేరింగులు పోతాయి. ఫ్యాను బెల్టు సాగుతుంది. స్టీరింగు జాయింట్లు వదులై, స్టీరింగు కొంత తిరిగిన తరువాత గాని చక్రము కదలదు. రైతు ఏమి చేస్తాడు? ఒకటి మారుస్తాడు, మూడు వాయిదా వేస్తాడు. ఆ వాయిదా పొదుపా, పాపమా అన్నది నన్ను చాలా ఏండ్లుగా వేధిస్తున్న ప్రశ్న.

పొదుపును నేను తక్కువ చేయను. మా నాన్నగారు ఒక్క బోల్టు పారవేసి ఎరుగరు; డాల్డా డబ్బాలో దాచేవారు. హెచ్.ఎమ్.టి. ట్రాక్టర్ల తయారీని మూసివేయాలని ప్రభుత్వము 2016లోనే నిర్ణయించింది గాని, ఊళ్లలో ఆ బండ్లు ఆ తరువాత కూడా దుక్కి దున్నాయి. ఎవరి చలువ? విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల పాత సామాను దుకాణాలు వెదికి, దొరకని బుష్షును లేతు మీద తీయించుకొని, బండిని బ్రతికించుకున్న రైతులది, మెకానిక్కులది. ఉన్నదానిని జాగ్రత్తగా వాడుకోవటము మంచి గుణమే. నా ప్రశ్న అది కాదు.

ట్రాక్టరు నడపని పాఠకుల కొరకు ఒక మాట చెప్పాలి. మామూలు ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండు. ఒకటి ఎడమ వెనుక చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. పొలములో గట్టు చివర బండిని తిప్పుకోవాలంటే ఒక్క చక్రాన్నే ఆపాలి, అందుకు ఆ ఏర్పాటు. రోడ్డెక్కినప్పుడు మాత్రము రెండు పెడళ్లను కలిపి లాకు వేయాలి. ఆ లాకు వేలెడంత ఇనుపముక్క. అది అరిగి జారిపోతే, బ్రేకు తొక్కినప్పుడు ఒక చక్రమే ఆగుతుంది, బండి ఒక ప్రక్కకు గిరుక్కున తిరుగుతుంది. వెనుక ట్రాలీ ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

1994 సార్వా నాట్ల రోజులు. నాన్నగారు పోయి రెండేండ్లు, బండి నా చేతికి వచ్చింది. నాన్నగారి కాలము నుండి దానిని నడిపినాయనను నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన ఒకరోజు, “అబ్బాయ్, లాకు నిలవటల్లేదు. పొలములో పరవాలేదు గాని గట్టు మీద భయముగా ఉంది” అన్నాడు. “నాట్లయినాక చూద్దాములే బాబాయ్” అన్నాను. వారము తరువాత మరల చెప్పి, తానే బైండింగు వైరుతో పెడళ్లు రెండూ కలిపి కట్టాడు. మూడవసారి మా అమ్మ ముందర అడిగాడు. నాకు కోపము వచ్చింది. “తీగ కట్టావుగా, ఇంకేమి?” అన్నాను.

ఆ మరునాటి సాయంత్రము నాట్లు వేసిన ఆడవాళ్లను ఊళ్లో దింపి, నారు కట్టల కొరకు ఖాళీ ట్రాలీతో కాలువగట్టు మీద పోతున్నాడు. గేదె అడ్డము వచ్చింది. బ్రేకు తొక్కాడు. తీగ తెగింది. కాలు ఎడమ పెడలు మీద ఉండిపోయింది. బండి ఎడమకు తిరిగి చేలోకి దిగి బురదలో ఆగింది. కుడివైపున నిండుగా పారుతున్న కాలువ. పది నిమిషాల ముందు అదే గట్టు మీద, అదే ట్రాలీలో పద్నాలుగుమంది స్త్రీలు ఉన్నారు.

బాబాయ్ నడిచి ఇంటికి వచ్చాడు. “బండి చేలోకి దిగింది అబ్బాయ్. ఎవరికీ ఏమీ కాలేదు” అని మంచినీళ్లు త్రాగి వెళ్లిపోయాడు. అంతకు మించి అనలేదు. మరునాడు తొలి బస్సుకు ఆటోనగరు పోయి లాకు, దాని పిన్ను తెచ్చాను. బిగించటానికి అరగంట పట్టింది. ఖర్చు ఒక మనిషి నాటు కూలి కన్న తక్కువ.

ఎవరికీ ఏమీ కాలేదు. నేను ఆ మాటను చాలాకాలము పట్టుకొని ఊరట పొందాను. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళుతున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి పదిహేనుమంది పోయారని పత్రికలో చదివినప్పుడు ఆ ఊరట పోయింది. అక్కడ విడిభాగము అరిగి ప్రమాదము జరిగిందని నేను అనటము లేదు. ట్రాలీ, కాలువ, పనికి పోయే ఆడవాళ్లు అన్న మూడు మాటలే నన్ను పట్టుకున్నాయి.

ప్రక్క ఊరిలో నాబోటి రైతు ఒకడున్నాడనుకోండి. అదే అరిగిన లాకు, అదే తీగ, అవే మూడు హెచ్చరికలు. కాకపోతే వాని డ్రైవరు కాలు కుడి పెడలు మీద నిలిచింది, ట్రాలీ నిండా మనుషులున్నారు. వాడు జైలుకు పోతాడు, ఊరు వానిని హంతకుడంటుంది. నేను పారిష్ కౌన్సిలులో కూర్చుంటాను. వాడు చేసిన దానికీ నేను చేసిన దానికీ తేడా ఎక్కడ ఉన్నది? నాలుగంగుళాలు, పది నిమిషాలు. ఆ రెండూ నా మంచితనము వలన వచ్చినవి కావు.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దును గూర్చిన చట్టమున్నది. ఎద్దు ఎవరినైనా పొడిచి చంపితే, దాని సంగతి ముందు తెలియని యజమాని నిర్దోషి. అది పొడుస్తుందని హెచ్చరించినా కట్టివేయనివాడు ప్రాణముతో బదులు చెప్పవలసినవాడు. బాబాయ్ నన్ను మూడుసార్లు హెచ్చరించాడు. అయితే ఆ చట్టము మనిషి చనిపోయిన తరువాతి తీర్పు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో మరొకటి ఉన్నది: కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి. అక్కడ ఎవడో పడేవరకు ఆగటము లేదు. నా తప్పు తీగ తెగిన సాయంత్రానిది కాదని నాకు అక్కడ తెలిసింది. “చూద్దాములే” అన్నరోజుదే అది.

అయితే ప్రతి చిన్న ముక్కకు భయపడితే సేద్యము సాగేనా అని మీరడుగుతారు. నేనూ రైతునే. ఆ భాగము విఫలమైతే దెబ్బ ఎవరికి తగులుతుందన్నదే నేనిప్పుడు చూసేది. ఫ్యాను బెల్టు తెగితే ఇంజను వేడెక్కుతుంది, నా పని ఆగుతుంది. ఆ జూదము నా డబ్బుతో నేను ఆడుకునేది. బ్రేకు లాకు, ట్రాలీ పిన్ను, స్టీరింగు జాయింటు అటువంటివి కావు. నూర్పిడి యంత్రాన్ని త్రిప్పే పి.టి.ఓ. షాఫ్టు మీది తొడుగు కూడా అంతే. ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అనగా సెకనుకు తొమ్మిది. కొంగు చిక్కిందని అరిచేలోపలే మనిషిని లాగివేస్తుంది. తొడుగు పగిలిన షాఫ్టు దగ్గర నిలబడేది ఎక్కువగా యజమాని కాదు.

నిజముగానే డబ్బు లేనివారున్నారు. వారికీ ఒక దారి ఉన్నది: లాకు వచ్చేవరకు ఆ బండిని గట్టెక్కించకుండుట. ట్రాలీ అసలు మనుషులను ఎక్కించటానికి కాదన్నది మనమందరము ఎరిగి మరచిన సంగతే.

బాబాయ్ పాలు ఎంత? నడిపింది ఆయనే కదా అని ఒకప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. కాని ఆయన ‘నడపను’ అంటే ఆ పూట కూలి పోతుంది, మరునాడు వేరొకడు వస్తాడు. వద్దనగల స్వేచ్ఛ ఆయనకు ఎంత ఉన్నదో ఆయన పాలు అంతే. ట్రాలీ ఎక్కినవారికి తీగ సంగతే తెలియదు. తెలిస్తే నడిచిపోయేవారేమో. ఆ ఎంపిక కూడా నేనే తీసివేశాను.

బాబాయ్ పోయి చాలా ఏండ్లయింది. ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను, ఆలస్యముగానే అయినా. ఆ పద్నాలుగుమందికి చెప్పలేదు. వారిలో ఒకామె ఇప్పటికీ ఆదివారము పూజకు వచ్చి మా వెనుక వరుసలోనే కూర్చుంటుంది, మా మనుమరాలిని పలకరిస్తుంది. ఈ పత్రిక వాళ్లింటికి కూడా పోతుంది.