తోకచుక్క ఎవరికి చెప్పాలి?

తోకచుక్క పొడిస్తే రాజుగారికి కీడని పూర్వం చెప్పుకునేవారు. ఇప్పుడది మనిషి నెత్తుటిలోనూ కనిపిస్తుందట! తెల్లకణాలను జెల్లీలాంటి పొరలో పరిచి, కరెంటు పారించి, సూక్ష్మదర్శినిలో చూస్తే, తెగిన డి.ఎన్.ఏ. ముక్కలు తోకలా సాగి ఉంటాయి. దానికి 'కామెట్ పరీక్ష' అనే పేరు. తోక పెద్దదైతే దెబ్బా పెద్దదే.

పత్తిచేలల్లో పురుగుమందు కొట్టే కూలీల తెల్లకణాల్లో క్రోమోజోములు ఎక్కువగా దెబ్బతిన్నాయని ఉస్మానియా పరిశోధకులు 1989లోనే ప్రచురించారు. ఇవాళ జనగామ, భూపాలపల్లి పత్తిచేలల్లో, మహబూబాబాద్ మిరపతోటల్లో పంపు మోసేవాళ్ళూ అలాంటి మనుషులే కదా.

అలాంటి కూలీ రక్తంలో తోక కనిపించిందనుకోండి. ఆయనకు చెప్పాలా? జబ్బు వచ్చి తీరుతుందని కాదు. కణం చాలా దెబ్బలను తనే బాగుచేసుకుంటుంది. "ఎందుకమ్మా, ఊరికే భయపడతాడు" అంటారు కొందరు. ఆ జాలి నాకు మింగుడుపడదు. రక్తం ఆయనది, కబురూ ఆయనదే.

సరే, చెప్పాం. తెల్లారితే మళ్ళీ ముక్కుకి తువ్వాలు చుట్టుకుని ఆ పంపే ఎత్తుకుంటాడు. చేతులకు తొడుగులు, ముఖానికి మంచి మాస్కు ఉంటే ఒంట్లోకి పోయే మందు తగ్గుతుంది. కొనిపెట్టేదెవరు? చేనుగలాయనా, మందు అమ్మేవాడా, పంట తినే మనమా?

నిన్ననే ఎండుమిర్చి కిలోకి పది రూపాయలు తగ్గించమని గట్టిగా బేరమాడి వచ్చాను.