'మీరు' అను మాట

నా పూర్వశిష్యుఁ డొకఁడు జర్మనీదేశమున ఆఖెన్ నగరమందు యంత్రశాస్త్రము చదువుచున్నాఁడు. ఇటీవల సెలవులకు బిట్రగుంటకు వచ్చి, ఆ భాషలోని మర్యాదలను గూర్చి యెన్నియో సంగతులు నాకుఁ జెప్పెను. అంగడిలో నడుగుపెట్టఁగానే 'గూటెన్ టాగ్' అని పలుకరింపవలెను. 'బిట్టె' యను నొక్క మాటయే 'దయచేసి' యనుటకును, కృతజ్ఞత చెప్పినవారికి మాఱుపలుకుటకును ఉపకరించును. చనువుగలవారిని 'డూ' అనియు, పరిచయము లేని పెద్దవారి నెల్లరను 'జీ' అనియు సంబోధింపవలెను. 'జీ' నుండి 'డూ'నకు దిగవలెనన్నచో వయసున పెద్దవారే మొదట ననుమతించుట యాచారము. తన వసతిగృహమున నడవ లూడ్చు స్త్రీని గూడ నతఁడు 'జీ' అనియే పలుకరించునఁట.

ఈ 'జీ'తోఁ జేరు క్రియ ప్రథమపురుష బహువచనము. సంస్కృతమున 'భవాన్' శబ్దమునకును ప్రథమపురుషక్రియయే చేరును. ఇంగ్లీషువారు 'దౌ'ను విడిచి 'యూ'ను అందఱకును సమముగాఁ బంచిరి. ఇట్లు ప్రతిభాషయు నెదుటివానిని గౌరవించుట కొక త్రోవ వెదకుకొన్నది.

మనసున లేని గౌరవము మాటలో నేల యని కొంద ఱందురు. మన యిండ్లలో తల్లి యన్నము వడ్డింపఁగా కృతజ్ఞత చెప్పినచో నామె నొచ్చుకొనును. నిజమే; అయినవారి నడుమ మౌనమే మర్యాద. కాని కానివారి మాట యేమి? మాటలే చాలునని నే ననను. 1933 మొదలు 1945 వఱకు హిట్లరు పాలనలో యూదులపై జరిగిన ఘోరములను ఆ దేశపు మర్యాదపదము లాపఁజాలకపోయెను. మాటయే సద్గుణము కాదు. అది సద్గుణమునకు దినదినాభ్యాసము మాత్రమే.

శిష్యుని సాగనంపుటకు స్టేషనుకుఁ బోతిని. ఆవిరియంత్రముల కాలమున పెద్ద లోకోషెడ్డుచేఁ బేరొందిన స్టేష నది. ప్లాటుఫార మూడ్చుచున్న వృద్ధుఁ డొకఁడు దారి కడ్డముగా నుండఁగా మావాఁడు, "ఒరేయ్, పక్కకు జరుగు!" అనెను. ఆ వృద్ధునికి వీని తాత యీడుండును. మందలింపఁబోయి నాలుక కఱచుకొంటిని. మా బడి యూడ్చు ముసలివానిని నేనును పదునెనిమిదేండ్లుగా 'ఏమిరా' యనియే పిలుచుచుంటిని.

మన భాషలో 'మీరు' లేకపోలేదు. అచ్చట పరిచయము లేని ప్రతిమనుజునకు నిచ్చుదానిని మనము కులమును, ధనమును జూచి కొలిచి యిచ్చుచున్నాము. లోపము వ్యాకరణమున లేదు, మనయందున్నది.

మఱునాఁడు బడిలో నా వృద్ధునితో, "మీరు కాసేపు కూర్చోండి" అంటిని. అతఁడు చీపురు జాఱవిడిచి, చేతులు జోడించి, "అయ్యా, నావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?" అని యడిగెను. గౌరవమును గోపముగా శంకించునట్లు ఆ మనుష్యునకు నేర్పినవారము మనమే కదా!

నేఁటికిని అతఁడు 'మీరు' అను పిలుపున కలవాటు పడలేదు. నేనును అప్పుడప్పుడు తడఁబడుచున్నాను. పరభాష నేర్చుటకంటె నిది కష్టముగా నున్నది.