గ్రైండరు ఆగిన రోజు

బెజవాడలో ఓ సందు మొగలో మంగమ్మది ఇడ్లీ బండి. మొగుడి ఆపరేషన్‌కి గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టింది. చాలక డైలీ ఫైనాన్స్ తీసుకుంది. పేరుకి 10,000, ముందే కోసేసి చేతిలో పెట్టింది 8,500. రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. అది కట్టడానికి ఫోన్లో యాప్ లోను. పాత అప్పుకి కొత్త అప్పు పుట్టిందంటే ఇక లెక్క మన చేతిలో లేనట్టే.

ఫైనాన్స్ కుర్రాడు పొద్దున్నే జనం ముందు అరిచేవాడు. యాప్ వాళ్లు రాత్రి పదింటికి ఫోన్ చేసి తిట్టేవాళ్లు. ఎవరి నోరు పెద్దదైతే మంగమ్మ వాళ్లకే ముందు కట్టేది. కరెంటు బిల్లుకి నోరు లేదు కాబట్టి అది వెనకబడింది. బ్యాంకు నోటీసులు బియ్యం డబ్బా కిందికి చేరాయి.

ఓ సాయంత్రం లైన్‌మన్ ఫ్యూజు పీక్కుపోయాడు. నానిన మినప్పప్పు గ్రైండర్లో ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. పొద్దున బండి లేదు.

పక్కింట్లో కోర్టు గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన సంగతి అడిగాడు.

"నలుగురికీ తెలిస్తే పరువు పోదా, బాబాయ్ గారూ?"

"వీధంతా తెలుసమ్మాయ్. తెలియంది మీ ఆయనకొక్కడికే."

నోటీసులన్నీ బయటికొచ్చాయి. ముందు కరెంటు బిల్లు కట్టించాడు. తర్వాత బ్యాంకుకి తీసుకెళ్లాడు. వడ్డీ కట్టి తాకట్టు తిరగరాయించుకున్నాక గాజుల వేలం తప్పింది. డైలీ ఫైనాన్స్ మాత్రం ఆఖరి రూపాయి దాకా కట్టక తప్పలేదు.

నీతి: అరిచేవాడికి కాదు, అన్నం పెట్టేదానికి ముందు కట్టాలి.

ఇది తెలియక కాదు, భయంతోనే తప్పుతాం. ఆ భయానికి విరుగుడు ఉంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత అప్పు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. యాప్ వాళ్లు ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు బకాయిలు కోర్టుకెక్కకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. దారి తెలియకపోతే న్యాయసేవల నంబరు 15100. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి అక్కడ లాయరు ఉచితం, ఆదాయం ఎంతని అడగరు.