ఆ మూలకి నీళ్ళు తిరుగుతున్నాయా?





మా అన్నయ్య అవనిగడ్డ దగ్గర ఒక రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉంటాడు. ఆయన కొడుక్కి అమెరికాలో, డల్లాస్‌లో ఉద్యోగం. వాడింట్లో ఒక పెద్ద గాజు తొట్టె. ఉప్పునీళ్ళు, చేపలు, వాటి నడుమ పగడాలు. మన దేశంలో గట్టి పగడాలకి వన్యప్రాణి రక్షణ చట్టం కాపు ఉంది, సముద్రంలోంచి తీసి అమ్మడానికి లేదు. అక్కడ మాత్రం తొట్టెల్లోనే పెంచి అమ్ముతారట.

ఆ మధ్య వీడియో కాల్‌లో వాడు దిగులుగా కనిపించాడు. "నాన్నా, నీళ్ళు పరీక్ష చేశా. ఉప్పు సరిపోయింది, వెలుతురు సరిపోయింది. అయినా ఈ మూల ఉన్న పగడం చచ్చిపోతోంది" అన్నాడు.

అన్నయ్య పగడాన్ని ఎప్పుడూ చూడలేదు. కానీ వెంటనే అడిగాడు: "ఆ మూలకి నీళ్ళు తిరుగుతున్నాయంట్రా? చిటికెడు మేత వేసి చూడు."

వేశాడు. తొట్టె మధ్యలో మేత గిర్రున తిరిగింది. ఆ మూల మాత్రం నిట్టనిలువుగా అడుక్కి దిగి, అక్కడే ఉండిపోయింది.

చెరువు మీద ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. ఏరియేటర్లు గాలి కోసమే కాదు, నీళ్ళు తిప్పడానికి కూడా. వాటిని గట్టు వెంబడి ఒక వరసలో, ఒకే వైపు తిరిగేట్టు పెడితే చెరువంతా నెమ్మదిగా సుడి తిరుగుతుంది. మిగిలిన మేత, రెట్ట నడిమికి చేరతాయి. ఎక్కడ పడితే అక్కడ పెడితే మూలలు నిలవపడతాయి. అక్కడ బురద నల్లబడి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. తెల్లవారుజామున, నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గే వేళ, ఆ చోటే ముందు దెబ్బ తింటుంది. రొయ్య అయితే ఈదుకుంటూ ఇంకో చోటికి పోవచ్చు. పగడం పోలేదు. చెట్టులా కనిపించినా అది జీవి, ఒకే చోట అతుక్కుని ఉంటుంది. దానికి ఊపిరి, తిండి తెచ్చేవీ, దాని మలినాన్ని తీసుకుపోయేవీ నీళ్ళే. నీళ్ళు దాని దగ్గరికి రావాలి గాని, అది నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు.

అబ్బాయి తొందరపడి పంపు మొత్తాన్ని ఆ మూలకే తిప్పాడు. వారం తిరిగేసరికి, పంపుకి ఎదురుగా ఉన్న ఇంకో పగడం ఆ ధాటికి కండ ఊడి తెల్లబడింది. అప్పుడు ఎదురు వైపు రెండో పంపు పెట్టాడు. కాసేపు ఇటు నుంచి, కాసేపు అటు నుంచి నీళ్ళు ఆడేట్టు చేశాడు. కొమ్మల పగడాలకి గట్టి ప్రవాహం కావాలి, వాటిని దగ్గరగా పెట్టాడు. మెత్తటి పగడాలకి మెల్లటి ప్రవాహం చాలు, వాటిని ఎడంగా పెట్టాడు. అందరికీ ఒకే ధాటి ఇవ్వలేదు, ఎవరినీ నిలవనీళ్ళలోనూ వదల్లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దీంట్లో ఒక ధమ్మ ప్రశ్న ఉంది. మైత్రి అనేది మనసులో ఉండే భావమా, చేతులతో చెయ్యవలసిన ఏర్పాటా?

అబ్బాయికి ఆ పగడం మీద ద్వేషం లేదు. ప్రేమగానే కొనుక్కున్నాడు. అయినా అది చావబోయింది. నిలవ మూల ద్వేషం వల్లే పుట్టనక్కర్లేదు. ఎవరూ చూడకపోతే చాలు, అదే పుడుతుంది. కారణం ఉంటే ఫలితం ఉంటుంది, కారణాన్ని మారిస్తే ఫలితం మారుతుందని తథాగతుడు చెప్పింది ఇందుకే.

"చేతనే కమ్మమని బుద్ధుడే అన్నాడు కదా, మన ఉద్దేశం మంచిదైతే చాలదా?" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆయన అప్పమాదం, అంటే ఏమరుపాటు లేకపోవడం, గురించి కూడా అంతే గట్టిగా చెప్పాడు. తెలియకపోవడం ఒకటి, తెలుసుకోకపోవడం ఇంకొకటి. చిటికెడు మేత వేస్తే తెలిసేదాన్ని వెయ్యకుండా ఊరుకుంటే, ఆ ఊరుకోవడంలోనూ చేతన ఉంది.

మహాడ్ సంగతి చూడండి. పబ్లిక్ చెరువులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద నీళ్ళు అందరివీ అయిపోయాయి. మనవాళ్ళ దోసిట్లోకి మాత్రం చుక్క రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచి వెళ్ళి చవ్‌దార్ చెరువు నీళ్ళు ముట్టాకే లోకానికి ఆ తీర్మానం విలువ ఎంతో తెలిసింది. 1936లో కులనిర్మూలన మీద రాసినప్పుడు, మంచి సమాజంలో ఒక చోట వచ్చిన మార్పు మిగతా చోట్లకి చేరే కాలవలు నిండుగా ఉండాలన్నాడు. 1956లో నాగపూర్‌లో ఇచ్చిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మనుషుల సమానత్వాన్ని నమ్మడం ఒకటి, దాన్ని నెలకొల్పడానికి పాటుపడడం దాని పక్కనే ఇంకొకటి. నమ్మితే చాలనుకుంటే రెండో ప్రతిజ్ఞ దేనికి?

ఇక నా మూల సంగతి చెప్పుకోవాలి. నేను మాలపల్లెలో పుట్టాను. పాతికేళ్ళుగా త్రిశరణాలు, పంచశీల చెబుతున్నాను. మొన్న మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళూ బౌద్ధులే, కుర్రాడు టీచరు, తాగుడు లేదు. వాళ్ళది మాదిగపల్లె. నేను కాదనలేదు. "చూద్దాంలెండి" అన్నాను. ఆర్నెల్లు "చూద్దాం" అంటూనే ఉన్నాను. ఒకరోజు మా అమ్మాయే అడిగింది: "నాన్నా, వేరే పల్లె అయితే ఇన్నాళ్ళు చూసేవాడివా?" నోట మాట రాలేదు. నా తొట్టెలో మేత నిట్టనిలువుగా దిగిన చోటు అది. మర్నాడే వాళ్ళింటికి వెళ్ళాను, చెప్పకుండా ఆర్నెల్లు ఆపినందుకు క్షమించమన్నాను. ముహూర్తం చూడలేదు. పౌర్ణమి వందన రోజున పెళ్ళి.

మన విహారాల్లోనూ ఇలాంటి మూలలున్నాయి. వైశాఖ పౌర్ణమికి పాయసం వండే ఆడవాళ్ళు ప్రవచనం అయిపోయేదాకా పొయ్యి దగ్గరే ఉంటారు. ధమ్మం ఎప్పుడూ వేదిక మీద నుంచి కిందికే పారుతుంది, కింద నుంచి పైకి ఎవరూ మాట్లాడరు. ఏప్రిల్ 14న ఒక్కసారి జోరుగా వీచి ఏడాదంతా ఆగిపోయే గాలి ఎవరికి ఊపిరి?

ఇంకో మాట అన్నయ్యది. "చెరువు మూల శుభ్రం చేసి ఆ మురుగు కాలవలోకి వదిలితే, కాలవ కింద పల్లె మనకి మూల అవుతుంది." మన శుభ్రం ఇంకొకరి మురుగు కాకూడదు. సమ్యక్ ఆజీవికలో ఇదీ ఉంది.

కాబట్టి వచ్చే పౌర్ణమికి ముందు ఒక పని చేద్దాం. మన ఇంట్లో, మన విహారంలో, మన పల్లెల మధ్య చిటికెడు మేత వేసి చూద్దాం. ఎక్కడ అది తిరగకుండా దిగిపోతుందో, మన మైత్రి అక్కణ్ణించి మొదలవ్వాలి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.