చెట్టు వేషం ఎవరికి?

ప్రాథమిక పాఠశాల వార్షికోత్సవానికి నాటకం వేయించడం ఎంత కష్టమో టీచర్లకి తెలుసు. అయినా ఆ కష్టం గురించి మనం రాసుకున్నది తక్కువ. పిల్లల ఆటపాటల వ్యవహారం, ఇందులో చర్చించడానికేముంది అనుకుంటాం. వంటపని గురించి కూడా ఒకప్పుడు ఇలాగే అనేవారు.

ముందు శ్రమ సంగతి చూద్దాం. నాటకం బాధ్యత సాధారణంగా లేడీ టీచరు మీదే పడుతుంది. "మీరు చెబితేనే పిల్లలు వింటారు మేడమ్" అంటారు హెడ్మాస్టరు. ఆ ఒక్క మాటతో ఆమె నైపుణ్యం మాతృత్వంగా మారిపోతుంది. సిలబస్ ఆగదు. రిహార్సల్స్ భోజన విరామంలోనో, బడి వదిలాకో జరగాలి. ఇంట్లో పనంతా అయ్యాక రాత్రి అట్టముక్కలతో కిరీటాలు కత్తిరించాలి. అద్దె డ్రస్సులు, మైకు, అంతా ఆమే చూసుకోవాలి. సరిగ్గా రెండు రోజుల ముందు రాజు వేషం వేసే పిల్లాడికి జ్వరం వస్తుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం నాటకాన్ని కూడా చదువులో భాగంగా చూడమంది. చాలా బడుల టైంటేబుల్లో దానికి పీరియడ్ లేదు. పీరియడ్ లేని పనంతా ఆమె 'ఓపిక' ఖాతాలోకి పోతుంది.

ఇంతకంటే చిక్కు ప్రశ్న వేషాల పంపకం. భరతమాత కోసం మన కళ్లు తెల్లటి పాపనే ఎందుకు వెతుకుతాయి? రాక్షసుడనగానే నల్లటి పిల్లాడే ఎందుకు గుర్తొస్తాడు? డ్రస్సు అద్దె కట్టలేని ఇంటి పిల్ల రెండు కొమ్మలు పట్టుకుని చెట్టుగా నిలబడుతుంది. తనకి ఆ వేషం ఎందుకొచ్చిందో ఏడేళ్ల పిల్లకి ఎవరూ వివరించక్కర్లేదు.

"వేషానికి తగ్గ రూపం ఉండాలి కదా" అంటారు. స్త్రీ పాత్రలకే పేరుపొందిన స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఒక మగవాడు సత్యభామగా ప్రేక్షకుల్ని మెప్పించగలిగినప్పుడు నల్లటి పిల్ల భరతమాత ఎందుకు కాలేదు? రూపం అనేది ఇక్కడ సాకు మాత్రమే.

అయితే తప్పంతా టీచరుదేనా? ముందు వరసలో ముఖ్య అతిథి, వీడియో తీసుకునే తల్లిదండ్రులు, కొత్త అడ్మిషన్ల మీద కన్నేసిన యాజమాన్యం, అందరికీ నాటకం 'అందంగా' ఉండాలి. ఒత్తిడి పైనుంచి వస్తుంది, చెయ్యి ఆమెది. తన మీద ఉన్న అధికారాన్ని తనకంటే చిన్నవాళ్ల మీదకి దించే ఈ స్థానం మనకి కొత్త కాదు. అత్తాకోడళ్ల కథల్లో దాన్ని చూస్తూనే ఉన్నాం. ఒత్తిడి ఆమె చేసినదానికి కారణం చెబుతుందే గానీ, బాధ్యత నుంచి తప్పించదు.

అందుకే ఆమె చేసేది ప్రేమ కాదు, పని అని ముందు ఒప్పుకోవాలంటాను. ప్రేమని ఎవరూ ప్రశ్నించరు, దానికి గంటలూ లెక్కకట్టరు. పని అయితే సమయం, డబ్బు, సాయం అడిగే హక్కు ఆమెకి వస్తుంది. ఆ పనిలో న్యాయం ఉందా అని అడిగే హక్కు పిల్లలకి వస్తుంది. బోధన పిల్లల్ని భయాందోళనల నుంచి దూరంగా ఉంచాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. స్టేజీ మీద మాట మరిచిపోతానేమోనన్న భయం కూడా అందులోకే వస్తుంది.

చీటీలు వేసి వేషాలు పంచొచ్చు. అద్దె డ్రస్సులు మానేయొచ్చు. రిహార్సల్స్‌ని బడివేళల్లోకి తేవొచ్చు. అప్పుడు నాటకం కొంత తడబడుతుంది. ఆ తడబాటుని చూసి చప్పట్లు కొట్టడానికి ఎదుట కూర్చున్న మనం సిద్ధమేనా?